లోకాంతానికి మంత్రిగారి అభ్యంతరం

"మా ప్రభుత్వం ఉన్నంతకాలం ఈ నియోజకవర్గంలో లోకాంతం జరగనిచ్చే ప్రసక్తే లేదు" అని మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఈ విషయంలో ఎంతటివారితోనైనా బహిరంగ చర్చకు సిద్ధమన్నారు. అని, గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగి, ఖాళీ గ్లాసును వెనక్కి తిరిగి చూడకుండానే గాల్లోకి వదిలేశారు. గ్లాసు కింద పడలేదు. అక్కడ ప్రోటోకాల్ ఆఫీసరు చెయ్యి ఉంది.

ఇలాంటి హామీ ఇంతవరకు ఏ పార్టీ ఇచ్చిన పాపాన పోలేదు. రోడ్లు వేస్తామన్నవాళ్ళున్నారు, కుళాయిలు పెట్టిస్తామన్నవాళ్ళున్నారు. వాటి కింద లోకం అనేది ఒకటి ఉండాలి కదా, దాని సంగతేమిటని ఆలోచించిన నాయకుడు ఈయనొక్కడే. మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఒక పత్రిక మాత్రం వాతావరణ సూచన పక్కన వేసింది. మంత్రిగారు పెద్ద మనసు చేసుకుని ఆ ఎడిటర్ని పల్లెత్తు మాట అనలేదు, ప్రభుత్వ ప్రకటనలు ఆపించి ఊరుకున్నారు.

ఇంత పెద్ద విషయం మంత్రిగారి దాకా ఎందుకొచ్చిందంటే, ఉప ఎన్నిక వల్ల. ఆయన మంత్రి అయితే అయ్యారు గాని ఇంకా ఎక్కడా గెలవలేదు. ఆ గెలుపేదో ఇక్కడే గెలవాలి. ఇక్కడ గెలవాలంటే కాలవగట్టు మీది ప్రార్థన హాలుకి వచ్చేవాళ్ళ ఓట్లు పడాలి. ఆ హాలు ఒకటే గాని క్రైస్తవ సంఘాలు మూడు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు వంతులవారీగా వాడుకుంటారు. పాటలు అవే, బెంచీలు అవే, అరిగిపోయిన కీబోర్డూ అదే. ప్రభువు తిరిగి వచ్చి వెయ్యేళ్ళు పరిపాలించడం అనే విషయం దగ్గరే ముగ్గురికీ పొసగదు.

పోయిన గాలివానకి ఆ హాలు కప్పు రేకులు లేచిపోయాయి. ప్రతిపక్ష నాయకుడు పరామర్శకి వచ్చి, హాలు మధ్యలో నిలబడి, తలెత్తి ఆకాశం చూసి, గుంతల రోడ్లూ మండే ధరలూ ఎగిరిపోయిన కప్పూ అన్నీ అంత్యకాల సూచనలేనని, ఇదంతా ఈ ప్రభుత్వం పుణ్యమేనని అన్నాడు. పొద్దుటి సంఘంవాళ్ళు ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ మంత్రిగారి చెవిన పడింది. అదీ సంగతి.

ఇక ప్రోటోకాల్ ఆఫీసరు. సభల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి ఎవరు ఎదురెళ్ళాలి, పూలగుత్తి ఏ చేతికివ్వాలి, ఇవన్నీ చూడటం ఆయన ఉద్యోగం. అందరూ ఆయన్ని ప్రోటోకాల్ గారనే పిలుస్తారు, ఇంట్లో భార్యకి కోపం వచ్చినప్పుడు కూడా. మధ్య కుర్చీ ఎవరిదో తేల్చడంలో ఆయనని మించినవాడు లేడు. ఆయన నియమం ఒక్కటే: పెద్దలు అడిగితే తప్ప నోరు విప్పకూడదు, అడిగినదానికి మించి చెప్పకూడదు. ఈ నియమం వల్లే ఆయన ఆరుగురు మంత్రుల దగ్గర పనిచేసి ఒక్కరి కోపానికీ గురికాలేదు.

ఆయన భార్య మధ్యాహ్నం సంఘంలో పాటలు పాడుతుంది. ఆమె తల్లి పొద్దుటి సంఘం. ఇద్దరూ భోజనాల దగ్గర వెయ్యేళ్ళ పరిపాలన గురించి హాయిగా పోట్లాడుకుంటారు, ఆయన మధ్యలో కూర్చుని పప్పు ఇటూ అటూ అందిస్తుంటాడు. ఈమధ్య ఆ పోట్లాటలో దగ్గు చేరింది. కప్పులేని హాల్లో పొద్దుటి మంచులో కూర్చుని పెద్దావిడకి గుండెల నిండా జలుబు పట్టింది.

కప్పు ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. ఎప్పుడు ముందుకు జరిపినా మంత్రిగారు, ఈ మూడు సంఘాలూ ఎవరివైపో ముందు తేలనివ్వండి, తొందరేముంది అని పక్కన పెట్టేవారు.

"రోజంతా ఆ పెద్దమనిషి పక్కనే నిలబడతారు. ఒక్క ముక్క అడగలేరా?" అంది భార్య. "వానలు మొదలయ్యేలోపల కప్పు పడకపోతే అమ్మని ఆదివారం మంచానికి కట్టేయాల్సిందే. కట్టేసినా ఆగుతుందా ఆవిడ?"

"ఆయన అడిగితేనే గదా నేను మాట్లాడేది" అన్నాడు ప్రోటోకాల్ గారు.

"నా గురించి ఎందుకమ్మా ఆయన్ని ఇబ్బంది పెడతావు" అంది అత్తగారు. "ప్రభువు ఇవాళో రేపో వచ్చేస్తాడు. కప్పుతో పనేముంది, ఉంటే పైకి వెళ్ళడానికి అడ్డం." అని నవ్వబోయింది, దగ్గు తెర వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ప్రోటోకాల్ గారికి ఆ ముసలావిడంటే ప్రాణం. ఆ దగ్గు వింటుంటే ఆయనకి తన ఉద్యోగం మీద మొదటిసారి సిగ్గేసింది.

మంత్రిగారు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. ముగ్గురు పాస్టర్లనీ తన గదికి పిలిపించి, బిస్కెట్లు పెట్టించి, లోకాంతం మీద ఏకగ్రీవ తీర్మానం ఒకటి కావాలన్నారు. వాళ్ళు ముగ్గురూ మంచివాళ్ళు, ఎన్నో ఏళ్ళుగా స్నేహితులు. ఏకగ్రీవం అనేసరికి బిస్కెట్లు పళ్ళెంలో పెట్టేశారు.

ప్రభువు ముందు వస్తాడు, వచ్చాకే వెయ్యేళ్ళ పరిపాలన మొదలవుతుందన్నాడు పొద్దుటి సంఘం పాస్టరు. ఈయన్ని మనం ముందు పాస్టరుగారందాం. అప్పటిదాకా లోకం రోజురోజుకీ చెడుతూనే ఉంటుందట. నా హయాంలో లోకం చెడిపోతోందంటారా అని మంత్రిగారు నొచ్చుకున్నారు. మీ ఒక్కరి హయామే కాదండీ, అందరి హయాములోనూ అని ఆయన సర్దిచెప్పాడు.

"సరే, అది మొదలైనట్టు మాకెలా తెలుస్తుంది?" అన్నారు మంత్రిగారు. పరిపాలన తెలిసినవాళ్ళు వేసే ప్రశ్న.

"నమ్మినవాళ్ళంతా ఒక్క క్షణంలో ఎత్తబడతారండీ. వేసుకున్న బట్టలు, చెప్పులు ఎక్కడివక్కడే ఉంటాయి, మనుషులు ఉండరు. అది చూసి మిగిలినవాళ్ళకి తెలుస్తుంది."

"మిగిలేది ఎవరు?" అని మంత్రిగారు నవ్వారు. ముందు పాస్టరుగారు మర్యాదగా ఫ్యాను వైపు చూశాడు.

మధ్యాహ్నం సంఘం పాస్టరుది వేరే మాట. మంచి మెల్లమెల్లగా పెరిగి, లోకం బాగుపడి, ఆ మంచికాలం గడిచిన తర్వాతే ప్రభువు వస్తాడన్నాడు. ఈయన తర్వాత పాస్టరుగారు. ఇది అచ్చం మా మేనిఫెస్టోలాగే ఉందే అని మంత్రిగారు ఉబ్బిపోయారు. ఆ మంచికాలమంతా అధికారంలో ఎవరుంటారో రాసుందా అని కూడా అడిగారు, లేదని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

వెయ్యేళ్ళంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టేది కాదు, ఆ పరిపాలన ఇప్పుడే జరుగుతోందన్నాడు సాయంత్రం సంఘం పాస్టరు, అంటే మన ఇప్పుడు పాస్టరుగారు. మంత్రిగారు కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. నేనూ మొదట్నుంచీ అదే చెబుతున్నాను, బంగారు పాలన ఇప్పుడే జరుగుతోందంటే ఎవడూ నమ్మడే అన్నారు. పరిపాలిస్తున్నది మీరు కాదండీ అని ఆయన నెమ్మదిగా అన్నాడు గాని, గొప్ప నాయకుల చెవులకి ఏది వినాలో బాగా తెలుసు.

అప్పుడు మంత్రిగారు వెనక్కి తిరిగి, "ఏమయ్యా, నీకేమైనా తలకెక్కిందా?" అన్నారు.

అడిగారు కాబట్టి ప్రోటోకాల్ గారు చెప్పాడు. "ముందు పాస్టరుగారి ప్రకారం ముఖ్య అతిథి వచ్చాకే సభ మొదలవుతుందండీ. తర్వాత పాస్టరుగారి ప్రకారం సభ చక్కగా జరిగాక చివర్లో అతిథి వస్తారు. ఇప్పుడు పాస్టరుగారి ప్రకారం అతిథి వచ్చి మధ్య కుర్చీలో కూర్చునే ఉన్నారు, మనకే కనిపించడం లేదు."

పాస్టర్లు ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఎవరికి వాళ్ళు తమ మాట బాగానే చెప్పాడనుకుని మళ్ళీ బిస్కెట్లు అందుకున్నారు. కప్పు మాట కూడా అనేద్దామని ప్రోటోకాల్ గారు ఊపిరి తీసుకున్నాడు. ఈలోగా మంత్రిగారు, "భేష్. హాలు దగ్గరే సభ పెట్టండి. ముఖ్య అతిథిని నేనే. కప్పు ఫైలు మీద సంతకం అక్కడే, కెమెరాల ముందు" అనేశారు. తీసుకున్న ఊపిరి ప్రోటోకాల్ గారు వదిలేశాడు, ఈసారి సంతోషంగా.

సభకి ముందు శాస్త్రీయంగా ఉండాలని, నియోజకవర్గంలో అంత్యకాల సూచనలేమైనా కనిపించాయేమో తెలపాలంటూ మంత్రిగారు అన్ని శాఖలకీ సర్క్యులర్ పంపారు. ప్రభుత్వోద్యోగులు దేనికి వెనకాడినా నిల్ రిపోర్టు పంపడానికి వెనకాడరు. యుద్ధాలు, నిల్. భూకంపాలు, నిల్. కరువు, గత ప్రభుత్వంలో మాత్రమే. ఆకాశం నుంచి నక్షత్రాలు రాలడం గురించి విద్యుత్ శాఖ, వీధిదీపాలు కొన్ని రాలిన మాట నిజమేగాని అవి కాంట్రాక్టరుకి సంబంధించినవని రాసింది. అనేకుల ప్రేమ చల్లారడం తమ పరిధిలోకి రాదని ఆరోగ్యశాఖ ఆ కాగితాన్ని గృహనిర్మాణ శాఖకి పంపింది, వాళ్ళు తిప్పి పంపారు. మొత్తం మీద పరిస్థితి సంతృప్తికరంగా ఉందని తేలింది.

సభ రోజు రానే వచ్చింది. హాలు పక్కనే ఆరుబయట వేదిక కట్టారు, దాని మీద రేకుల పందిరి కూడా వేశారు. ఆ రేకులేవో హాలు మీద వేస్తే సరిపోయేది కదా అని ప్రోటోకాల్ గారికి అనిపించింది, ఎవరూ అడగలేదు కాబట్టి ఊరుకున్నాడు. కరెంటు మీద నమ్మకం లేక పెద్ద జనరేటరు తెచ్చారు. అది మోగుతుంటే నాలుగడుగుల అవతలివాడికి మాట వినిపించాలంటే వెళ్ళి వాడి చెవి పట్టుకోవాల్సిందే. మూడు సంఘాల గాయకులూ తెల్లటి పొడుగు అంగీలు వేసుకుని ముందు వరసల్లో కూర్చున్నారు. అత్తగారు వాళ్ళ వెనకే, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పొద్దున్నే రావలసిన మంత్రిగారు రాలేదు. బయల్దేరారని ఫోనొచ్చింది. కాసేపటికి బయల్దేరబోతున్నారని వచ్చింది.

అతిథి రానిదే సభ మొదలుపెట్టడం తప్పు, కనిపెట్టుకుని ఉండటమే మన పని అన్నాడు ముందు పాస్టరుగారు. ఆయన సంఘం చేతులు కట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. మనం అన్నీ చక్కదిద్దితేనే ఆయన వస్తారన్నాడు తర్వాత పాస్టరుగారు. ఆయన సంఘం కుర్చీలు సర్ది, నేల ఊడ్చి, ఉన్న పాటలన్నీ పాడేసింది. ఇప్పుడు పాస్టరుగారు అసలు కంగారే పడలేదు. ఖాళీ మధ్య కుర్చీకి ఎదురుగా నిలబడి, మన మధ్యనే ఉన్న మంత్రిగారికి స్వాగతం అంటూ స్వాగతపత్రం మొత్తం చదివాడు. మంత్రిగారు పాల్గొన్న సభల్లో జనం ఇంత ప్రశాంతంగా విన్నది మరొకటి లేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. పార్టీ కార్యకర్తలు భోజనాలకని చల్లగా జారుకున్నారు. అప్పుడు కాలవ లాకు దగ్గర్నుంచి కబురొచ్చింది, ఇంకాసేపట్లో నీళ్ళు కట్టేస్తున్నామని. సభ తర్వాత నలుగురికి కాలవలో బాప్తిస్మం ఇవ్వాల్సి ఉంది. నీళ్ళు కట్టేస్తే మోకాలి లోతు కూడా మిగలదు, అంత లోతులో మనిషిని ముంచడం ఏ సంఘానికీ చేతకాదు. లోకాంతం మీద ఎన్ని తేడాలున్నా నీళ్ళు నిండుగా ఉండాలన్న దగ్గర ముగ్గురు పాస్టర్లదీ ఒకటే మాట.

"ఈ మంత్రి ఎప్పుడైనా వస్తాడు, నీళ్ళు ఆగవు గదా" అని అత్తగారే ముందు లేచింది.

గట్టు దిగే దారంతా బురద. అందుకని అందరూ చెప్పులు కుర్చీల కిందే విడిచిపెట్టారు. గాయకులు తెల్ల అంగీలు మట్టి కాకుండా విప్పి, ఎవరి కుర్చీలో వాళ్ళు పరిచారు. ఫొటోలు బాగా వస్తాయని విలేకరులు కూడా టీ గ్లాసులు సగంలో వదిలేసి వెంటపడ్డారు. జనమంతా గట్టు అవతలికి దిగిపోయారు. వస్తారా అని భార్య సైగ చేసింది. ప్రోటోకాల్ గారు తల అడ్డంగా ఊపి, చంకలో కప్పు ఫైలు, చేతిలో పూలగుత్తి పట్టుకుని వేదిక ముందు నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు మంత్రిగారి కారు వచ్చింది.

మంత్రిగారు నవ్వు మొహంతో, రెండు చేతులూ జోడించి దిగారు. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. వరసలు వరసలుగా కుర్చీలు, ప్రతి కుర్చీ కిందా జత చెప్పులు. ముందు వరసల్లో తెల్ల అంగీలు నడుం దగ్గర మడతపడి, మనిషి కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాయి. టీ గ్లాసుల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. ఒక కళ్ళజోడు ఒంటరిగా కుర్చీలో ఉంది. జనరేటరు మోత తప్ప మనిషి అలికిడి లేదు.

"జనం ఏరయ్యా?" అన్నారు మంత్రిగారు.

"వెళ్ళిపోయారండీ."

"ఎప్పుడు?"

"ఇందాకే అండీ. అందరూ ఒక్కసారే."

"ముగ్గురు పాస్టర్లూ?"

"ముగ్గురూ అండీ."

ఎక్కడికి అని అడిగి ఉంటే ప్రోటోకాల్ గారు కాలవకి అని చెప్పి ఉండేవాడు. మంత్రిగారు అడగలేదు. ముందు వరసలో ఒక అంగీని వేలితో ముట్టుకుని చూసి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పక్కనున్న కుర్చీ పట్టుకుని, "మరి నువ్వెందుకు మిగిలావు?" అన్నారు.

"డ్యూటీలో ఉన్నానండీ. ముఖ్య అతిథి వచ్చేదాకా కదలకూడదు."

అప్పటికి ప్రోటోకాల్ గారికి విషయం అర్థమైంది. ఒక్క మాట చెబితే ఆయన కంగారు తీరిపోతుంది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. అంతలో మంత్రిగారు, "నా చేతిలో మంచిపని ఏదైనా మిగిలిపోయిందా? చెప్పు, తొందరగా చెప్పు" అని అడిగారు.

ఆరుగురు మంత్రుల కాలంలో అంత సూటిగా ఎవరూ ఆయన్ని అడగలేదు.

"హాలు కప్పండీ" అన్నాడు ప్రోటోకాల్ గారు, ఫైలు తెరిచి పట్టుకుని.

మంత్రిగారు సంతకం చేశారు. చెయ్యాల్సినచోట చేసి, అక్కర్లేనిచోట కూడా చేసి, అట్ట మీద ఇంకోటి పెట్టి, వెంటనే పనులు మొదలుపెట్టాలని తన చేత్తో రాశారు. ప్రోటోకాల్ గారు ఫైలు మూసి, ఎక్కడ పెట్టాలో తోచక, అత్తగారి కుర్చీ కింద చెప్పుల పక్కనున్న చేతిసంచీలో పెట్టేశాడు.

మంత్రిగారు ఆకాశం వైపు చూసి, నేల వైపు చూసి, చివరికి ఫోను వైపు చూశారు. ప్రతిపక్ష నాయకుడి ఇంటికి ఫోన్ చెయ్యమన్నారు. చేశాడు. ఆయన సుష్టుగా భోంచేసి పడుకున్నారని చెప్పారు అవతలివాళ్ళు. ఆ మాట వినగానే మంత్రిగారి మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"అయితే వాడూ ఇక్కడే ఉన్నాడన్నమాట" అన్నారు. వేదిక ఎక్కి మధ్య కుర్చీలో కూర్చున్నారు. కోటు సర్దుకున్నారు. కాసేపు ఆలోచించారు. ఆపదలో కూడా ప్రజాస్వామ్యాన్ని మరిచిపోని మనిషి.

"పోయినవాళ్ళు ఎలాగూ మనకి వేసేవాళ్ళు కాదు. మిగిలినవాళ్ళలో మనకి మెజారిటీ ఉంటుందా?"

"ఉంటుందండీ" అన్నాడు ప్రోటోకాల్ గారు. "మిగిలినవాళ్ళంతా మనవాళ్ళే."

మంత్రిగారు తృప్తిగా తలాడించారు. ఇంతలో డీజిల్ అయిపోయి జనరేటరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గట్టు అవతల్నుంచి పాట వినిపించింది. ముందు తడితలలతో నలుగురు, వాళ్ళ వెనక ముగ్గురు పాస్టర్లు, ఆ వెనక జనమంతా బురదకాళ్ళతో నవ్వుకుంటూ గట్టెక్కి వచ్చారు. అత్తగారు తన కుర్చీ వెతుక్కుని, చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్ళోకి తీసుకుంది. కొంచెం బరువెక్కినట్టుందే అనుకుని అల్లుడి వైపు చూసింది.

మంత్రిగారు తొణకలేదు, బెణకలేదు. లేచి మైకు అందుకున్నారు. జనరేటరు ఆగిపోవడంతో మైకు పలకలేదు, అయినా పట్టుకున్నారు. "నేను మాటిచ్చానా లేదా? మా ప్రభుత్వం ఉండగా మీకేమీ కానివ్వనన్నానా లేదా? మీరంతా క్షేమంగా ఉన్నారు, చూసుకోండి" అన్నారు. జనం ఒకరినొకరు చూసుకున్నారు. క్షేమంగానే ఉన్నారు కాబట్టి చప్పట్లు కొట్టారు. విలేకరులు రాసుకున్నారు.

చప్పట్లు సాగుతుండగానే మంత్రిగారు నవ్వు చెదరకుండా పక్కకి ఒరిగారు.

"ఆ ఫైలు ఇలా తే. ఇందాక కంగారులో పెట్టిన సంతకం అది, చెల్లదు. కప్పు సంగతి ఓట్లు పడ్డాక చూద్దాం."

"ఫైలు లేదండీ."

"లేకపోవడమేమిటి? ఏమైంది?"

అడిగారు కాబట్టి చెప్పక తప్పలేదు. ప్రోటోకాల్ గారు కప్పులేని హాలు మీదుగా కనిపిస్తున్న ఆకాశం వైపు ఒకసారి భక్తిగా చూశాడు.

"ఎత్తబడిందండీ."